పిడుదుల మందుకూ ఒక చరిత్ర ఉంది

పిల్లలకు దగ్గు మందు కొంటే సీసా వెనక్కి తిప్పి తేదీ చూస్తాం. ఎన్ని చెంచాలో రెండుసార్లు అడుగుతాం. అదే కుక్కకు పిడుదులు పట్టాయంటే మాత్రం పక్కింటివాళ్ళు ఏం చల్లారో కనుక్కుని అదే తెచ్చి చల్లేస్తాం. మందు కుక్కకే కదా, మనకేం అనుకుంటాం. కానీ ఆ కుక్క వీపు మీదే కదా పిల్లలు చేతులు వేసేది! ఆ చేతులతోనే కదా రొట్టె ముక్క తినేది! కుక్క మందంటే ఇంటిల్లిపాదికీ సంబంధించిన మందే.

మా ఇల్లు కుల్కచర్లలో. వికారాబాద్ జిల్లా ఏర్పడింది 2016లో, అంతకు ముందు మాది రంగారెడ్డి జిల్లా. జిల్లా మారినా ఇళ్ళు మారలేదు. కింద పరిచేది తాండూరు బండలే. బండకూ బండకూ మధ్య సందులుంటాయి. వేసవిలో ఆ బండల చల్లదనం మనకెంత హాయో, ఆ సందులు పిడుదులకూ అంతే హాయి. మా ఇంట్లో మోతి అనే ఊరకుక్క ఉంది, మూడేళ్ళది, పద్దెనిమిది కిలోలు. దాని కడుపులో తల పెట్టుకుని పడుకునే పిల్లి ఒకటి. పెరట్లో ఎనిమిది కోళ్ళు. పక్కింట్లో మేకలు. ఈసారి వానాకాలం పోతూ పోతూ మోతి చెవుల నిండా పిడుదులు పెట్టి పోయింది. బతుకమ్మకు మా ఆడబిడ్డ పది నెలల పాపను తీసుకుని వస్తానని ఫోన్ చేసింది. పాప పాకుతోంది, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటోంది.

మా అత్తమ్మ ఒక్క మాటలో తేల్చేసింది. "గోమార్లకు గమాక్సిన్ జల్లుతుంటిమి. ఒక్కటి గూడ ఉండకపోతుండె. గిప్పుడు ఇన్ని ఆలోచనలెందుకు?"

ఆ మాటతోనే నా చదువు మొదలైంది. నిన్న అందరూ మంచిదన్న మందు ఇవాళ ఎందుకు కాదంటున్నారు? ఇవాళ మంచిదన్నది రేపేమవుతుంది? పుస్తకాలు, పాత సంగతులు వెతికాను. దొరికినవి మీతో పంచుకుంటున్నాను.

బాదం పప్పు నుంచి పొగాకు నీళ్ళ దాకా

పిడుదుల బాధ మన ఊరిది కాదు, మన కాలానిదీ కాదు. రెండు వేల ఏళ్ళ కిందట రోమ్ దేశంలో వర్రో అనే పెద్దాయన ఎనభై ఏళ్ళ వయసులో వ్యవసాయం మీద ఒక పుస్తకం రాశాడు. గొర్రెల మందను కాచే కుక్కల గురించి చెబుతూ, ఈగలూ పిడుదులూ పట్టకుండా బాదం పప్పును నీళ్ళలో నూరి కుక్క చెవులకూ, కాలి వేళ్ళ మధ్యనా పూస్తారని రాశాడు. బాదం పప్పు పని చేసిందో లేదో గానీ, చోటు మాత్రం సరిగ్గా చెప్పాడు. ఇవాళ కూడా పిడుదులు వెతకాలంటే ముందు చూడాల్సింది చెవుల లోపల, వేళ్ళ సందుల్లో. ఆ తర్వాత మెడ కింద, చంకల్లో, తోక మొదట్లో.

మన వైపు వంటింటి మందులు మీకు తెలిసినవే. వేపనూనె, కానుగ నూనె, పసుపు, వావిలాకు, సీతాఫలం గింజల పొడి, పొగాకు నానబెట్టిన నీళ్ళు. వీటిలో కొన్ని నిజంగానే పురుగును చంపుతాయి. చిక్కు కూడా అక్కడే ఉంది. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే కనుగుడ్డు మీది పొర దెబ్బతింటుంది. తలలో పేలకని పెట్టుకుని కళ్ళు పాడుచేసుకుని ఆస్పత్రులకు వచ్చిన ఆడపిల్లలున్నారు. పొగాకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి వెళ్ళే విషం, కుక్క ఒళ్ళు నాకితే నోటి గుండా కూడా వెళ్తుంది. కిరోసిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు, చర్మం కాలిపోతుంది. చెట్టు నుంచి వచ్చిందంటే మంచిదేనని మనకో నమ్మకం. గన్నేరు కూడా చెట్టే కదా!

పాత మందుల్లో అన్నిటికన్నా భయంకరమైనది మన వంటింటిది కాదు. ఇంగ్లండులో 1852లో విలియం కూపర్ అనే పశువైద్యుడు గొర్రెలను ముంచే పొడి తయారుచేశాడు. అందులో ఉన్నది గంధకం, పాషాణం. అవును, మనం కథల్లో వినే పాషాణమే. దేశదేశాల్లో గొర్రెలనూ పశువులనూ ఆ నీళ్ళలో ముంచి తీశారు. పురుగులు చచ్చాయి. ఆ తొట్ల చుట్టూ నేలలో విషం మాత్రం పదుల ఏళ్ళు నిలిచిపోయింది.

పిడుదు కరిస్తే జ్వరమెందుకు?

చాలా కాలం పిడుదంటే దురద, రక్తం పీల్చడం, అంతే అనుకున్నారు. 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడ్ కిల్‌బోర్న్ అనే ఇద్దరు కలిసి పశువులకు వచ్చే ఒక చావు జ్వరాన్ని పిడుదులే మోసుకొస్తాయని రుజువు చేశారు. ఒక పురుగు కాటు వల్ల జబ్బు ఒక జీవి నుంచి ఇంకో జీవికి పాకుతుందన్న మాట అప్పటికి వింత.

ఆ దారిలో తర్వాతి అడుగు మన దగ్గరే పడింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. బేగంపేటలో ఆయన పని చేసిన భవనం ఇప్పటికీ ఉంది. మరుసటి ఏడాది, 1898లో, కరాచీలో పాల్ లూయీ సిమోం అనే ఫ్రెంచి డాక్టరు ఎలుకల ఒంటి మీద గెంతే పురుగులే ప్లేగును మోస్తున్నాయని కనిపెట్టాడు. వాటిని ఇంగ్లీషులో ఫ్లీ అంటారు. కుక్కల మీద గెంతేవీ ఆ జాతివే. మా ఇంట్లో అయితే అన్నిటినీ కలిపి పేలు అనేస్తాం. హైదరాబాద్‌లో 1911లో ప్లేగు వచ్చిపోయింది. 1908 మూసీ వరద, ఆ తర్వాత ఈ ప్లేగు, రెండూ కలిసి నిజాం సర్కారును కదిలించాయి. 1912లో నగరాభివృద్ధి బోర్డు పుట్టింది. ఇరుకు బస్తీలు తీసి వెడల్పు రోడ్లు వేశారు. నువ్వు గింజంత పురుగు ఒక పట్నం రూపు మార్చడంలో ఒక చెయ్యి వేసిందన్న మాట.

ఇక కుక్కల దగ్గరికి వద్దాం. మద్రాసులో తెల్లదొరలు వేట కుక్కలను పెంచి నక్కలను తరిమే ఆట ఆడేవారు. 1910లో ప్యాటన్ అనే ఆయన ఆ మద్రాసు వేట కుక్కల రక్తంలో ఒక కొత్త క్రిమిని చూశాడు. తర్వాత అదే క్రిమి నక్క రక్తంలోనూ దొరికింది. తరిమే కుక్కకూ, ప్రాణం కోసం పరిగెత్తే నక్కకూ ఒకటే జబ్బు! దాన్ని ఇప్పుడు బబీసియా గిబ్సొని అంటారు. ఇది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. మూత్రం ముదురు రంగుకు తిరగడం, చిగుళ్ళు తెల్లబడడం దాని గుర్తులు.

ఇంకొకటి ఎర్లీకియా. 1935లో ఉత్తర ఆఫ్రికాలోని అల్జీరియాలో మొదట గుర్తించారు. మన దేశంలో 1944లో మద్రాసు నుంచి ముదలియార్ అనే పశువైద్యుడు రాశాడు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం పెంచిన కుక్కలు వందల్లో ఈ జబ్బుతో పోయాయి. అప్పుడుగానీ ప్రపంచం దీన్ని గట్టిగా పట్టించుకోలేదు. జ్వరం, తిండి మానేయడం, ముక్కు నుంచి రక్తం కారడం, కడుపు మీద ఎర్ర మచ్చలు, ఇవి గుర్తులు. డెంగీలో మన పిల్లలకు పడిపోయినట్టే కుక్కకూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి. "ఎందుకో నాలుగు రోజులు తినలేదు, అట్లనే పోయింది" అని మన ఊళ్ళల్లో చెప్పుకునే కుక్కల్లో ఎన్ని దీనితో పోయాయో!

మనుషుల సంగతీ చెప్పాలి. కుక్క మీది గోధుమరంగు పిడుదు మనిషిని కరవడం తక్కువే. కరిస్తే మాత్రం ఒంటి మీద దద్దుర్లతో వచ్చే ఒక రకం టైఫస్ జ్వరం రావచ్చు. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో కోతులు చచ్చిపడి, తర్వాత మనుషులకూ వచ్చిన క్యాసనూర్ అడవి జ్వరానికి కారణం కూడా పిడుదులే. అవి అడవి పిడుదులు, కుక్క పిడుదులు కావు. అయినా పిడుదును వేళ్ళతో నలపకూడదని చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు.

గమాక్సిన్ రాజ్యం

అత్తమ్మ చెప్పిన గమాక్సిన్ కథ వినండి. 1939లో స్విట్జర్లాండులో పాల్ ముల్లర్ అనే ఆయన డీడీటీకి పురుగును చంపే గుణముందని కనిపెట్టాడు. యుద్ధ కాలంలో ఇటలీలోని నేపుల్స్‌లో జనం చొక్కాల్లోకి గొట్టాలు పెట్టి ఆ పొడి కొట్టారు. పేల వల్ల వచ్చే టైఫస్ ఆగిపోయింది. 1948లో ముల్లర్‌కు నోబెల్ ఇచ్చారు. దాదాపు అదే కాలంలో బీహెచ్‌సీ వచ్చింది. అదే మన గమాక్సిన్. ఇంటి గోడలకు డీడీటీ, బియ్యం బస్తాల కింద గమాక్సిన్, చీమలకు గమాక్సిన్, ఎడ్లకూ కుక్కకూ గమాక్సిన్. చవక, వాసన ఘాటు, పని ఖాయం. మన పెద్దవాళ్ళను తప్పు పట్టడానికి లేదు. సర్కారు వాళ్ళే వచ్చి చల్లి వెళ్ళిన కాలమది.

తర్వాత తెలిసింది, ఈ పొడులు నేలలో కరగవు, ఒంట్లోంచి పోవు అని. కొవ్వులో చేరి నిలవుంటాయి. గడ్డి నుంచి బర్రెకు, బర్రె నుంచి పాలకు, పాల నుంచి తల్లికి, తల్లి నుంచి చంటిబిడ్డకు. ఈ గొలుసును లోకానికి చాటిచెప్పిన వారిలో ముందున్నది ఒక ఆడమనిషి, రేచల్ కార్సన్. 1958లో ఆమెకు స్నేహితురాలు ఓల్గా హకిన్స్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. దోమలకని విమానంలోంచి డీడీటీ చల్లితే తన ఇంటి ఆవరణలో పిట్టలు చచ్చి పడ్డాయని అందులో ఉంది. ఆ ఉత్తరం పట్టుకుని మొదలుపెట్టిన పని 1962లో పుస్తకమై వచ్చింది. రసాయన కంపెనీలు ఆమెను వెక్కిరించాయి. రొమ్ము క్యాన్సర్‌తో బాధపడుతూనే ఆమె సమాధానాలు చెప్పింది, 1964లో కన్నుమూసింది. ఇంటి ముందు చచ్చిపడిన పిట్టలను ఒక ఇల్లాలు చూసీ చూడనట్టు ఊడ్చేసి ఉంటే ఈ కథ ఎప్పుడు మొదలయ్యేదో.

మన దేశంలో 1989లో పొలాలకు డీడీటీ ఆపారు. 1997 ఏప్రిల్ 1 నుంచి బీహెచ్‌సీ నిషేధం. దాని తమ్ముడు లిండేన్ వాడకం 2013లో ఆగింది. కోళ్ళ షెడ్లలో, పశువుల పాకల్లో అందరికీ తెలిసిన నువాన్ మందు డైక్లోర్‌వాస్. 1960ల్లో విదేశాల్లో కుక్క మెడకు కట్టే మొదటి పిడుదుల పట్టీల్లో వాడింది కూడా అదే. దాన్ని మన దేశంలో 2020 చివరి నుంచి ఆపేశారు.

ఇదంతా చెబితే అత్తమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ మామ బుజాల మీద మోసుకొస్తుండె బస్తాలు" అంది, అంతే.

నిషేధించారు కదా, ఇప్పుడెక్కడ దొరుకుతుందని అనుకోకండి. పట్నంలో ఒక దుకాణంలో కుక్కకు పిడుదులు అనగానే పేరు లేని, తేదీ లేని తెల్ల పొడి పొట్లం చేతిలో పెట్టారు. ఏముంది ఇందులో అంటే "పౌడర్ మేడం, మంచిగ పనిచేస్తది" అన్నారు. అక్కడే వదిలేసి వచ్చాను. పేరు లేని మందు ఎంత మంచిదైనా నాకు వద్దు. రేపు పాప నోట్లో పెట్టుకుంటే డాక్టరుకు ఏం పేరు చెప్పను?

మన భీమవరం వాడు

మందుల చరిత్రలో మన తెలుగువాడి పేరు కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికాలో లెడర్లే సంస్థలో పరిశోధనలన్నిటికీ పెద్దగా ఉన్నారు. ఆయన విభాగంలోనే బెంజమిన్ డుగ్గర్ అనే వయసు మళ్ళిన వృక్షశాస్త్రవేత్త మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. అది 1948లో లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబంలో పెద్దకొడుకు ఆరియోమైసిన్. ఆ కుటుంబంలో తర్వాత పుట్టిన డాక్సీసైక్లిన్‌నే ఇవాళ ఎర్లీకియా జ్వరానికి ప్రతి పశువైద్యుడూ ముందుగా రాస్తాడు. సుబ్బారావు గారి బృందం బోదకాలు కోసం తెచ్చిన హెట్రజాన్‌ను కూడా తర్వాత కుక్కల గుండెలో చేరే పురుగులు రాకుండా చాలా ఏళ్ళు వాడారు.

మనిషి కోసం వెతికిన మందు కుక్కనూ బతికించింది. కానీ ఒక మాట. జబ్బు వచ్చాక మందు ఉంది కదా అని పిడుదులను వదిలేయలేం. ఆలస్యంగా పట్టుకుంటే ఎముక మూలుగ దెబ్బతిని డాక్సీసైక్లిన్ కూడా ఏమీ చేయలేకపోవచ్చు.

చామంతి, పొగాకు, పత్తి చేను

ఇక ఇప్పటి మందులు. వాటి పేర్లు కొత్తగా ఉన్నా వాటి పుట్టిల్లు మనకు తెలిసినదే.

చామంతికి దగ్గరి చుట్టం ఒక తెల్ల పువ్వుంది. దాన్ని ఎండబెట్టి పొడి చేసి ఐరోపాలో పేలకూ నల్లులకూ వాడేవారు. మన దోమల చుట్టలు మొదట ఆ పొడితో చేసినవే. 1973లో ఇంగ్లండులో మైఖేల్ ఇలియట్ బృందం ఆ పువ్వులోని గుణాన్ని పోలిన పర్మెత్రిన్‌ను తయారుచేసింది. పశువులకు మనం నీళ్ళలో కలిపి పూసే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ అన్నీ ఆ వంశమే. పర్మెత్రిన్ కుక్క తట్టుకుంటుంది, పిల్లి తట్టుకోలేదు. పిల్లి కాలేయానికి దాన్ని విరగ్గొట్టే శక్తి తక్కువ. కుక్కకు పూసిన మందు తగిలి పిల్లికి వణుకు, మూర్ఛ వచ్చి చచ్చిపోవచ్చు. మోతి కడుపులో తల పెట్టుకుని పడుకునే మా పిల్లిని తలచుకుంటే ఆ మందు మా ఇంటి గడప తొక్కడానికి వీల్లేదు.

ఇందాకటి పొగాకు నీళ్ళు గుర్తున్నాయా? నికోటిన్ పని తీరును అనుకరించి, మనుషుల మీద, జంతువుల మీద తక్కువగా, పురుగుల మీద ఎక్కువగా పని చేసేలా 1980ల్లో బేయర్ కంపెనీ చేసినది ఇమిడాక్లోప్రిడ్. పత్తి వేసే అక్కచెల్లెళ్ళకు ఈ పేరు కొత్త కాదు. వరి పురుగుకు కొట్టే ఫిప్రోనిల్ కూడా అంతే. 1990ల మధ్యలో ఈ రెండూ కుక్కల మందులుగానూ వచ్చాయి. ఇమిడాక్లోప్రిడ్ ఒక్కటే అయితే గెంతే పురుగులకే పనికొస్తుంది, పిడుదులకు చాలదు. ఫిప్రోనిల్ రెండిటికీ పని చేస్తుంది.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. "మందు ఒక్కటే గదా, చేనుకు తెచ్చిన డబ్బాలో కొంచెం మిగిలింది, కుక్కకు పూద్దాం" అన్న మాట మా వైపు చాలాసార్లు విన్నాను. పత్తికి కొట్టగా మిగిలిన మందుతో పొద్దున స్నానం చేయించిన కుక్క సాయంత్రానికి నురగ కక్కి పోయిన ఇల్లు మా వీధిలోనే ఉంది. అది ఏ మందో వాళ్ళకూ గుర్తు లేదు. చేను మందు ఆకుకు అంటుకునేలా చేస్తారు, ఎకరానికి లెక్క. కుక్క మందు చర్మం నూనెలో పరుచుకునేలా చేస్తారు, కిలోకు లెక్క. ఫిప్రోనిల్ చుక్కల మందు పది కిలోల లోపు కుక్కకు 0.67 మిల్లీలీటర్లు, పది నుంచి ఇరవై కిలోల దానికి 1.34. మోతికి ఒక చిన్న చెంచాలో మూడో వంతు కూడా కాదు. మన అంచనాతో డబ్బా మూత నింపి పోస్తే ఏమవుతుందో చూసుకోండి.

ఫిప్రోనిల్ కుందేళ్ళకు విషం. కోళ్ళ మీద చల్లకూడదు. 2017లో ఐరోపాలో కోళ్ళ పురుగులకని చల్లిన మందులో రహస్యంగా ఫిప్రోనిల్ కలిపారు. అది గుడ్లలోకి వచ్చింది, కోట్ల కొద్దీ గుడ్లు పారేశారు. పెరటి కోళ్ళ గుడ్లు పిల్లలకు పెట్టే మనం కోళ్ళ గూట్లో ఈ మందు కొట్టకూడదు. 2020లో ఇంగ్లండులో ఇరవై నదుల లెక్కలు తీసి చూస్తే దాదాపు ప్రతి నమూనాలోనూ ఫిప్రోనిల్ ఉంది. కుక్కల స్నానాల నీళ్ళు దానికి ఒక దారి అని అనుమానించారు. కాబట్టి చుక్కల మందు వేసిన కుక్కను చెరువులో దింపకండి.

అమిట్రాజ్ అని ఇంకొకటి ఉంది. నీళ్ళలో కలిపి పూస్తారు, గజ్జికి కూడా వాడతారు. మన ఊళ్ళల్లో పశువుల మందుల కొట్లో చవకగా దొరుకుతుంది. కొలత తప్పితే కుక్క మత్తుగా పడిపోతుంది, గుండె వేగం తగ్గుతుంది. పిల్లికి, చక్కెర జబ్బున్న కుక్కకు, చిన్న కూనలకు వద్దు. మేకలకు ఇచ్చే ఐవర్‌మెక్టిన్ సూదిని కుక్కకూ ఇప్పించేవాళ్ళున్నారు. దాని వెనుక ఉన్నవారికి 2015లో నోబెల్ వచ్చింది, గొప్ప మందే. కానీ కోలీ జాతి కుక్కల్లో ఒక జన్యు లోపం వల్ల అది మెదడులోకి వెళ్ళి ప్రాణం తీయగలదని 2001లో తేలింది. డాక్టరు చెప్పకుండా దాని జోలికి పోవద్దు.

గోళీల కాలం

2013లో అఫాక్సొలానర్, 2014లో ఫ్లూరలానర్ అమెరికాలో అనుమతి పొందాయి. ఆ తర్వాత సరోలానర్, లోటిలానర్. నెక్స్‌గార్డ్, బ్రావెక్టో, సింపారికా అని మనకు దొరికేవి ఇవే. కుక్క నమిలి తింటుంది. మందు రక్తంలోకి వెళ్తుంది. పిడుదు కరిచి రక్తం పీల్చగానే దాని నరాలు పట్టుతప్పి చస్తుంది. కొన్ని నెల రోజులు, ఫ్లూరలానర్ పన్నెండు వారాల దాకా పని చేస్తాయి. పైన పూత ఉండదు, కాబట్టి పాప చేతులకు అంటదు, పిల్లి నాకే భయం లేదు.

లోపం లేదా? ఉంది. 2018 సెప్టెంబరులో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరిక ఇచ్చింది. కొన్ని కుక్కల్లో వణుకు, తూలడం, మూర్ఛ వచ్చాయని, అంతకు ముందు మూర్ఛ ఎరగని కుక్కల్లో కూడా ఒకోసారి వస్తుందని చెప్పింది. చాలా కుక్కలకు ఇవి మంచివేనని కూడా అదే సంస్థ అంది. ఫిట్స్ వచ్చే కుక్క అయితే డాక్టరుకు ముందే చెప్పాలి. ఇంకొకటి, పిడుదు కరిస్తేనే చస్తుంది కాబట్టి జబ్బు సోకే అవకాశం తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. ధర కూడా ఎక్కువే. పెద్ద కుక్క గోళీ కొని రెండు చిన్న కుక్కలకు విరిచి పెట్టొద్దు. మందు ముక్కలో సమానంగా ఉంటుందన్న భరోసా లేదు.

మరి వేప?

వేపను తక్కువ చేసి మాట్లాడితే నాకే మనసొప్పదు. 1994లో ఐరోపా పేటెంటు కార్యాలయం వేపనూనెతో బూజును ఆపే పద్ధతికి ఒక అమెరికా కంపెనీకీ, ఆ దేశ వ్యవసాయ శాఖకూ కలిపి హక్కు ఇచ్చింది. మన దేశం నుంచి వందనా శివ, బెల్జియం నుంచి మాగ్దా ఆల్వూట్, లిండా బుల్లార్డ్ అనే ముగ్గురు ఆడవాళ్ళు నిలబడి పోరాడారు. 2000లో ఆ హక్కు రద్దయింది, 2005లో అప్పీలు కూడా కొట్టేశారు. మన అమ్మమ్మలకు తెలిసినదాన్ని కొత్త కనిపెట్టు అనలేరని తేల్చారు.

వేపకు పురుగును దగ్గరికి రానీయని గుణం కొంత ఉంది. కానీ చెవి నిండా పిడుదులు పట్టిన కుక్కను వేప ఒక్కటే కాపాడదు. మా ఇంట్లో మోతి పడుకునే చోట వేపాకు వేస్తాం, పొగ పెడతాం. పిల్లి ఉంది కాబట్టి ఒంటికి చిక్కటి నూనె మాత్రం పూయను. వేపకు ఇవ్వాల్సిన గౌరవం ఇస్తూ, డాక్టరు పని డాక్టరుకు వదిలేశాను.

మేము చేసింది

మోతిని ఆటోలో ఎక్కించుకుని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన బరువు తూచారు, చిగుళ్ళు చూశారు, ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా అని అడిగారు, రక్తం పరీక్ష చేయించారు. జ్వరం క్రిములు లేవు. పిల్లి ఉంది, పాకే పాప వస్తోంది, కోళ్ళున్నాయి అని చెప్పాను. నెలకో గోళీ రాశారు. పిల్లీ చిన్నపిల్లలూ లేని ఇంటికైతే, చవకలో కావాలంటే, ఫిప్రోనిల్ చుక్కలు కూడా మంచివేనన్నారు. చుక్కలు వేస్తే అటూ ఇటూ రెండు రోజులు స్నానం వద్దని, ఆరేదాకా పిల్లలను దూరంగా ఉంచాలని చెప్పారు.

మందు సగం పనే. మిగతా సగం మన చేతుల్లో ఉంది. ఒక ఆడ పిడుదు కుక్క మీద నుంచి దిగి గోడ సందుల్లో వేలల్లో గుడ్లు పెడుతుంది. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది. అందుకే మేము బండల సందులన్నీ సిమెంటుతో పూడ్పించాం. మోతి పడుకునే గోనెసంచి తీసేసి పాత దుప్పటి వేశాం, వారానికోసారి మరిగే నీళ్ళలో వేసి ఎండలో ఆరేస్తున్నాం. గోడల మూలలు, తలుపు వెనుక చీపురుతో గీకి, ఊడ్చినది కాల్చేస్తున్నాం. కనిపించిన పిడుదును చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగి సబ్బు నీళ్ళ డబ్బాలో వేస్తున్నాం. అగ్గిపుల్లతో కాల్చడం, కిరోసిన్ పోయడం చేయం.

మొదటి గోళీ వేసిన రెండో రోజు నుంచి ఎండిపోయిన పిడుదులు రాలడం మొదలైంది. గోడల్లో పొదిగినవి ఇంకా వస్తూనే ఉంటాయి కాబట్టి మూడు నెలలు ఆపొద్దని డాక్టరు చెప్పారు. ఆడబిడ్డ వచ్చింది, తొమ్మిది రోజులుంది. పాప బండల మీద పాకింది, మోతి తోక పట్టుకుని లాగింది, మోతి ఓపికగా ఊరుకుంది.

గోళీ వేసిన తేదీలు వంటింటి క్యాలెండర్‌లో గ్యాస్ బండ తేదీ పక్కనే రాస్తున్నాను. మొన్న రెండో గోళీ పెడుతుంటే అత్తమ్మ పక్కన నిలబడి చూసింది. "గిది గూడ ఇరవై ఏండ్లకు వద్దంటరేమో" అంది.

అనొచ్చు అత్తమ్మా, అన్నాను. గమాక్సిన్‌కు ముల్లర్‌ల కాలంలో ఎవరూ అడగని ప్రశ్నలు ఒక్కొక్కటిగా తర్వాత వచ్చాయి. ఈ గోళీకి కొన్ని ప్రశ్నలు అప్పుడే వచ్చాయి, ఇంకా వస్తాయి. ఏ మందైనా ఎప్పటికీ మంచిదని రాసిచ్చేవాళ్ళెవరూ లేరు. ఇవాళ తెలిసినంతలో, మన ఇంట్లో ఉన్న ప్రాణాలన్నిటినీ లెక్కలోకి తీసుకుని, పేరూ తేదీ కొలతా ఉన్నదాన్ని ఎంచుకోవడమే మన పని.

అత్తమ్మ ఖాళీ అట్టపెట్టె తీసి అద్దాలు పెట్టుకుని తేదీ వెతకసాగింది.